చక్కెర పరీక్ష

డిసెంబరు ముప్పై ఒకటి, మధ్యాహ్నం మూడు.
రాయ్నా నాలుగో అంతస్తు నుంచి దిగొచ్చింది
చేతుల్లో బనిత్సా పళ్లెంతో.
గంటన్నర కాల్చిందట,
చివరికి విసుగొచ్చి గ్రిల్ వేసిందట.
పైన రంగు బాగానే ఉంది.
కత్తి దింపితే పొరల నడుమ
గుడ్డూ, తెల్ల జున్నూ ఇంకా పచ్చి పచ్చిగా.
"పైన పటారం, లోన లొటారం" అన్నాను.
ఆవిడ నవ్వలేదు.
"తొమ్మిదింటికి ఏడుగురం కూర్చుంటాం" అంది.

ప్లోవ్దివ్‌లో ఈ పూట ఏ షాపు తీసుంటుంది?
నేను ట్రాలీబస్సుల డిపోలో
ఇరవై ఆరేళ్లు తీగలు కలిపిన మనిషిని.
బస్సులు పోయాయి. మీటరు నా దగ్గరే ఉండిపోయింది.

ముందు చక్కెర.
రేకు మీద ఒక చెంచాడు, డయల్ రెండొందల మీద.
నూట ఎనభై ఆరు దగ్గర చక్కెర కరుగుతుంది,
ఎవరి మొహమాటం దానికి లేదు.
పావుగంట తర్వాత తీసి చూస్తే
పోసింది పోసినట్టే, మంచులా తెల్లగా.

ప్లగ్ పీకాను. చల్లారేదాకా ఆగాను.
కాయిల్ చూశాను: పగులు లేదు, బొబ్బ లేదు,
మీటరు ఇరవై ఆరు ఓములంది.
ఇంకేం కావాలి దానికి, ఆరోగ్యంగా ఉంది.

తలుపు రబ్బరు మీద అనుమానం.
"ఒక కాగితం ముక్క ఇవ్వు" అన్నాను.
తలుపు సందున పెట్టి మూసి లాగాలి,
జారి వచ్చేస్తే వేడి కూడా అలాగే జారిపోతున్నట్టు.
రాయ్నా గిన్నెలోంచి నాలుగు చీటీలు తీసిచ్చింది,
రాత్రికి బనిత్సాలో మడిచి పెట్టే జాతకం చీటీలు.
నాలుగు మూలలా లాగాను. గట్టిగానే పట్టుకుంది.
నాలుగో చీటీ సగం చిరిగి తెరుచుకుంది.
ఆరోగ్యం, అని ఉంది.
మూడోది తెరిచాను. ఆరోగ్యం.
రెండోది.
మొదటిది తెరవలేదు.

ఇల్లు, ప్రయాణం, పెళ్లి, డబ్బు రాస్తారు అందరూ.
ముందు గదిలో బోయ్కో, పన్నెండేళ్లవాడు,
ఇంట్లో కూడా ఊలు టోపీ తీయకుండా
టీవీ చూస్తున్నాడు.
రాయ్నా సింకు వైపు తిరిగి
కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది.

టార్చి పట్టుకుని తల లోపల పెట్టాను.
కుడి గోడ వెంట సన్నని రాగి గొట్టం,
చివర పెన్సిలంత కొన. వేడిని కొలిచేది అదే.
క్లిప్పు ఎప్పుడు ఊడిందో,
పోయి కాయిల్ మీద ఒరిగి పడుకుంది.
తన ఒళ్లు కాలగానే
పొయ్యంతా కాలిందనుకుని కరెంటు కట్టేస్తోంది.
మా డిపోలో ఇలాంటి పెద్దమనిషే ఒకడుండేవాడు:
హీటరు పక్కన కుర్చీ వేసుకుని
చలికి బస్సులెలా ఆగుతాయిరా అని మమ్మల్ని గద్దించేవాడు.

బోయ్కో పాత సైకిలు పువ్వ ఒకటి తుంచి,
వంచి, క్లిప్పు చేశాను.
"వంకరగా ఉంది" అన్నాడు వాడు, నా భుజం మీంచి.
వాడే సరిచేశాడు.

మళ్లీ చక్కెర.
పదో నిమిషంలో అంచులు మెత్తబడ్డాయి,
పదమూడుకి తేనె రంగు,
ఆ వాసనకి కింది అంతస్తు కుక్క మొరిగింది.

రాత్రి తొమ్మిది దాటాక బనిత్సా వచ్చింది,
కోస్తే కరకరమని చప్పుడు.
పళ్లేన్ని తిప్పారు, ఎవరి ముక్క ముందు ఆగితే అది వాళ్లది.
నా ముక్కలో చీటీ, జున్ను అంటుకుని.
విప్పాను. రాయ్నా నన్నే చూస్తోంది.

"ప్రయాణం" అని చదివాను, గట్టిగా.
"ఈ వయసులోనా!" అన్నారెవరో.

బోయ్కో తన చీటీ చూసుకున్నాడు,
నన్ను చూశాడు,
మళ్లీ చీటీ చూసుకున్నాడు.
"డబ్బు" అన్నాడు.
"చాలా డబ్బు."
చీటీని నాలుగు మడతలు పెట్టి
టోపీ అంచులోకి తోసేసుకున్నాడు.

వంటింట్లో పొయ్యి టిక్కుమంది, దీపం ఆరింది.
కాసేపాగి మళ్లీ వెలిగింది.
ఆపడం మరిచిపోయాం.